కాలిన ఇంటి ముందు మన నోరు, మన చేయి

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తూ ఉంటే చుట్టకు నిప్పు అడిగాడట మరొకడు. తెలుగునాట ఈ సామెత ఎరుగనివారు అరుదు. చుట్ట తాగేవారు ఇప్పుడు తగ్గిపోయారు గాని ఆ మనిషి మాత్రం ఎక్కడికీ పోలేదు, వేషం మార్చుకున్నాడు. సలాం చెప్పి వస్తాడు. మసిబారిన గోడల వంక ఓసారి చూసి ‘ఇన్నా లిల్లాహ్’ అంటాడు. కుర్చీ వేస్తే కూర్చుంటాడు. తర్వాత గొంతు తగ్గించి, “భాయ్, ఇంత పెద్ద ముసీబత్ మీ ఇంటికే ఎందుకు వచ్చిందో ఆలోచించారా?” అంటాడు. జకాత్ లెక్క ప్రకారం తీశారా, అమ్మాయి పెళ్ళిలో పాటకచేరీ పెట్టారు కదా, వడ్డీకి అప్పు తెచ్చారని విన్నాం... ఇలా ఒక్కొక్కటే బయటికి తీస్తాడు. ఈయన అడుగుతున్నదీ నిప్పే. తన ఉపన్యాసం వెలిగించుకోవడానికి.

ఈ మాట కటువుగా ఉందని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. కాని ఆ ప్రశ్న కాలిన ఇంట్లో ఏమి చేసి పోతుందో మేము చూశాం. కోస్తా జిల్లాలో మేము ఎరిగిన ఒక దర్జీ కుటుంబం ఉంది. ఒక ఏడాది షాబాన్ నెలాఖరున, పండుగ బట్టల గిరాకీ మొదలైన రోజుల్లో, రాత్రిపూట కరెంటు తీగలు కలిసి ఇల్లంతా అంటుకుంది. అల్లాహ్ దయవల్ల ప్రాణాలు దక్కాయి. మిషన్లు, జనం ఇచ్చిన గుడ్డలు, కూతురి పెళ్ళికని దాచిన సొమ్ము ఏదీ దక్కలేదు. మేము పరామర్శకు వెళితే ఆ ఇల్లాలు పోయిన బంగారం గురించి ఒక్క మాట అనలేదు. తలుపు చాటు నుంచి ఒకటే అడిగింది: “మౌలానా, మేము ఏం గునాహ్ చేశామని?” ఆ మాట ఆమెది కాదు. అంతకుముందు వచ్చి వెళ్ళినవారెవరో అక్కడ వదిలిపోయిన మాట. ఇల్లు ఒక్క రాత్రిలో కాలింది, ఈ మాట మాత్రం ఆమెను ఎన్ని రాత్రులు కాల్చిందో అల్లాహ్‌కే ఎరుక.

మరి ఆ ప్రశ్న పూర్తిగా నిరాధారమా అంటే, కాదు. దాన్ని అడిగేవారికి ఆధారంగా ఒక ఆయతు ఉంది. అష్షూరా సూరా 30వ ఆయతులో, మానవులకు కలిగే ఆపదలు వారి చేతులారా చేసుకున్నవాటి ఫలితమే అనే భావం ఉంది. ఆ ఆయతు అక్కడితో ఆగలేదు, అల్లాహ్ ఎన్నింటినో మన్నించి వదిలేస్తాడని కూడా చెప్పింది. మన పరామర్శకుడు మొదటి సగం కంఠస్థం చేశాడు. పైగా అది తన లోపలికి చూసుకోవడానికి ఇచ్చిన అద్దం. దాన్ని పొరుగువాడి ముఖం ముందు పెట్టి, నీ మచ్చలు చూసుకో అనడానికి ఎవరికి అనుమతి ఉంది? అదే ఖుర్ఆన్ అల్‌బఖరా సూరా 155వ ఆయతులో భయంతో, ఆకలితో, ధనప్రాణాల నష్టంతో విశ్వాసులను పరీక్షించడం జరుగుతుందని చెబుతోంది. అక్కడ పాపం ప్రస్తావనే లేదు. సహనం వహించేవారికి శుభవార్త ఉంది. ఒక మంట శిక్షగా వచ్చిందా, పరీక్షగా వచ్చిందా అన్నది ఆ రెండు ఆయతులను అవతరింపజేసినవాడికి తెలుసు. బూడిదను చూసి చెప్పగలిగే మనిషి లేడు.

కొందరు అల్‌ఖలమ్ సూరాలోని తోటవారి కథ ఎత్తుతారు. నిజమే. పేదలు రాకముందే తెల్లవారి కోత కోసుకుందామని పన్నాగం పన్నినవారి తోట రాత్రికి రాత్రే నాశనమైంది. అయితే ఆ తోట ఎందుకు పోయిందో మనకు చెప్పింది ఎవరు? స్వయంగా అల్లాహ్. దైవవాణి వచ్చి చెబితే తెలిసింది. మన వీధిలో కాలిన ఇంటి గురించి ఏ వహీ రాలేదు. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) కూడా సంపద, సంతానం, ఆరోగ్యం పోగొట్టుకున్నారు. ఆయన పొరుగున మన పరామర్శకుడు ఉండి ఉంటే ఏమని ఉండేవాడో ఊహించుకోవచ్చు.

ఇక దైవప్రవక్త (స) వారి పద్ధతి చూడండి. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మదీనాలో ఒక రాత్రి, ఇంటివారు లోపల ఉండగానే ఒక ఇల్లు కాలిపోయింది. ఆ సంగతి ఆయన (స)కు చేరవేశారు. వహీ అవతరించే పట్టణం అది, జిబ్రయీల్ (అలైహిస్సలాం) వచ్చిపోయే ఊరు. ఆ ఇంటివారి అంతరంగం గురించి ఏమైనా చెప్పదలిస్తే చెప్పగలిగిన వ్యక్తి ప్రపంచం మొత్తంలో ఆయన ఒక్కరే. ఆయన చెప్పింది మాత్రం నిప్పు గురించి. ఈ నిప్పు మీకు శత్రువు, పడుకునే ముందు ఆర్పివేయండి అన్న భావంలో బోధించారు. వారి నమాజుల గురించి అడగలేదు. వారి ధర్మబద్ధత గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. నిప్పు స్వభావం ఏమిటో, దానితో ఎలా మెలగాలో చెప్పి ఊరుకున్నారు.

అబూ దావూద్‌లో మరో సంఘటన ఉంది. ఒక ఎలుక వెలుగుతున్న దీపపు వత్తిని లాక్కొచ్చి దైవప్రవక్త (స) కూర్చున్న చాప మీదనే పడేసింది. దిర్హమ్ నాణెమంత మేర చాప కాలింది. దైవప్రవక్త (స) కూర్చున్న చాపే కాలగా లేనిది మన ఇంటి చాప కాలితే దాన్ని శాపమని ఎలా అంటాం? అక్కడ కూడా బోధ ఒకటే, దీపాలు ఆర్పి పడుకోండి అని. పండితులు దీన్ని ఎంత సూక్ష్మంగా గ్రహించారంటే, ప్రమాదం లేకుండా ఎత్తున వేలాడదీసిన దీపమైతే వెలగనిచ్చినా దోషం లేదని ఇమామ్ నవవీ రాశారు. కారణం పోతే ఆదేశమూ సడలుతుంది. ఆ లెక్కన ఈనాడు మన ఇళ్ళలో ఆ హదీసు ఎక్కడెక్కడ వర్తిస్తుందో చూసుకోవాలి: గ్యాస్ రెగ్యులేటరు, పరుపు పక్కన దోమల కాయిల్, జుమేరాత్ నాడు ఊదు వేసి వదిలేసిన నిప్పుల పళ్ళెం, ఒకే ప్లగ్గులో నాలుగు తీగలు, దిండు కింద ఛార్జింగు పెట్టిన సెల్‌ఫోను. పడుకునే ముందు దుఆ చదివి రెగ్యులేటరు కట్టనివాడు సున్నతులో సగం వదిలేశాడని మా అభిప్రాయం.

దీనికి కొందరు తక్దీర్‌ను అడ్డం పెడతారు. రాసి ఉంటే కాలుతుంది, జాగ్రత్తలతో ఏమవుతుంది అంటారు. హిజ్రీ 18లో సిరియా దారిలో ప్లేగు ఉందని విని హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగినప్పుడు, అల్లాహ్ తక్దీర్ నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ తక్దీర్ నుంచి అల్లాహ్ తక్దీర్ వైపుకే పోతున్నాం అన్న అర్థంలో ఆయన జవాబిచ్చారు. అంతకన్నా మేము చేర్చేది ఏమీ లేదు.

మరో ఉల్లేఖనం గురించి తప్పక చెప్పాలి. హజ్రత్ అబూ దర్దా (రజి) వారికి మీ ఇల్లు కాలిపోయిందని ఒకరు వచ్చి చెప్పారట. కాలదు, ఉదయం నేను ఫలానా దుఆ చదివాను అన్నారట. వెళ్ళి చూస్తే చుట్టుపక్కలంతా కాలి ఆయన ఇల్లు నిలిచి ఉందట. మన మస్జిదుల్లో ఇది తరచు వినిపిస్తుంది. దీని పరంపర బలహీనమైనదని హదీసు విద్వాంసులు తేల్చారు. ఆ దుఆలోని పదాలు మంచివే, చదవడం మంచిదే. కాని ఈ కథను కాలిన ఇంటి ముందు చెప్పేవారు తమకు తెలియకుండానే ఇంకో మాట చెబుతున్నారు: నీవు చదవలేదు కాబట్టి నీ ఇల్లు కాలింది అని. బలహీనమైన పరంపరతో ఒక విశ్వాసి గుండె మీద ఇంత బరువు పెట్టవచ్చా?

ఇంకొక దృఢమైన ఆధారం ఉంది. అగ్నికి ఆహుతై చనిపోయిన విశ్వాసిని షహీదుల కోవలో లెక్కించిన హదీసు ముఅత్తా, అబూ దావూద్‌లలో ఉంది. ఇంటి మంటే అల్లాహ్ ఆగ్రహానికి గుర్తు అయితే, ఆ మంటలో పోయినవాడికి షహాదత్ దర్జా ఎలా దక్కుతుంది?

చరిత్ర తిరగేస్తే మరీ విస్మయం కలుగుతుంది. మస్జిదె నబవీయే రెండుసార్లు కాలింది. హిజ్రీ 654 (క్రీ.శ. 1256) రంజాన్ తొలి రాత్రి, దీపాలు తీయడానికి సామాన్ల గదిలోకి వెళ్ళిన సేవకుడు చేతిలోని నిప్పును అక్కడే మరచిపోయాడు. హిజ్రీ 886 (క్రీ.శ. 1481) రంజాన్‌లో మినారు మీద పిడుగు పడింది. మొదటిదానికి ఒక మనిషి మరపు కారణం, రెండవదానికి ఆకాశం. చరిత్రకారులు ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టారు. రెండవ అగ్నిలో మస్జిదులోని గ్రంథాలూ, ముస్హఫ్ ప్రతులూ ఎన్నో దగ్ధమయ్యాయి. మదీనా చరిత్రకారుడు అల్లామా సమ్హూదీ అప్పుడు మక్కాలో ఉన్నారు. ఆయన సొంత గ్రంథాలయం ఆ మంటల్లో పోయింది. మదీనా చరిత్ర మీద ఆయన రాస్తున్న పెద్ద గ్రంథమూ అందులోనే పోయింది. దాని సంక్షిప్త రూపం మాత్రం వెంట ఉండడం వల్ల దక్కింది. ‘వఫావుల్ వఫా’ పేరుతో మదీనా గురించి రాసే ప్రతివారూ ఈనాటికీ తెరిచి చూసేది దానినే. మస్జిదును ఈజిప్టు సుల్తాను ఖాయిత్‌బాయ్ తిరిగి కట్టించాడు.

ముస్హఫ్ ప్రతుల సంగతి కావాలనే ఎత్తాం. ఇల్లంతా కాలింది, ఖుర్ఆన్ మాత్రం చెక్కుచెదరలేదు అనే ఫొటోలు మన సెల్‌ఫోన్లలో తరచు తిరుగుతుంటాయి. అలా దక్కితే సంతోషించాల్సిందే. కాని దట్టంగా మూసి ఉన్న లావు పుస్తకం ఏదైనా మెల్లగానే కాలుతుంది, పుటల మధ్యకు గాలి చొరదు కనుక. దుకాణాల ఖాతా పుస్తకాలు కూడా అలా మిగిలిన సందర్భాలు ఉన్నాయి. మరి ఇంట్లో ముస్హఫ్ కూడా కాలిపోయినవారి సంగతి ఏమిటి? మేము ఎరిగిన ఆ ఇంట్లో అదీ కాలింది. ఆ సంగతి నలుగురికీ తెలియకూడదని ఆ కుటుంబం దాచిపెట్టింది, నేరం చేసినవారిలా. మస్జిదె నబవీలోనే కాలినది మన అలమరలో కాలితే అందులో అవమానం ఏమిటి? కాగితం కాలుతుంది. అల్లాహ్ గ్రంథాన్ని కాపాడతానన్న వాగ్దానం కాగితానికి సంబంధించినది కాదు, ఏడేళ్ళ హాఫిజు పిల్లవాడి గుండెలో కూడా ఆ గ్రంథం భద్రంగా ఉంది. కాలిన పుటలను ఏరి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఎవరూ తొక్కని చోట పాతిపెట్టాలి. అంతే.

ఇక కాలిన ఇంటివారి దుఃఖం గురించి. వస్తువుల కోసం ఏడవకూడదు, ప్రాణాలు దక్కాయి చాలదా అని అనడం మనకు అలవాటు. షుకుర్ చేయమనడం మంచిదే. కాని నానీ ఇచ్చిన రాగి బిందె, తండ్రి నమాజు చదివిన జానిమాజ్, చిన్నప్పుడే పోయిన బిడ్డ ఒకే ఒక్క ఫొటో, ఇవి వస్తువులు మాత్రమేనా? కన్నకొడుకు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కళ్ళు చెమర్చాయి. కన్నీరు సబ్ర్‌కు విరుద్ధం కాదు. అల్లాహ్ తీర్పుపై తిరగబడే మాట మాత్రమే విరుద్ధం. పోయినదానికి బదులుగా అంతకన్నా మేలైనది ప్రసాదించమని వేడుకునే దుఆను ఆయన (స) నేర్పారు, హజ్రత్ ఉమ్మె సల్మా (రజి) భర్త పోయినప్పుడు అదే చదివారు. మేలైనది ఎక్కడి నుంచి వస్తుందని అప్పట్లో ఆమెకే ఆశ్చర్యంగా ఉండేదట. అడగడానికి దారి కనిపించనవసరం లేదన్నమాట. తమ తప్పులు తలచుకుని తౌబా చేసుకోవాలనిపిస్తే అదీ చేసుకోవచ్చు, తౌబాకు ఇల్లు కాలనక్కరలేదు. అది దాసునికీ ప్రభువుకూ మధ్య మాట. దానికి మహల్లా సాక్ష్యం అవసరం లేదు.

నోటి సంగతి ఇంతవరకు. చేతి సంగతి చాలా ఉంది.

ఆ దర్జీని వేధించిన మరో చిక్కు, జనం ఇచ్చిన గుడ్డలు. నలభై ఇళ్ళవారి పండుగ బట్టలు. కొందరు డబ్బు అడిగారు. షరీఅత్ దీన్ని గాలికి వదలలేదు. ఒకరు దాచిపెట్టమని ఇచ్చిన అమానత్, కాపాడేవాడి అశ్రద్ధ లేకుండా కాలిపోతే అతడు చెల్లించనక్కరలేదు. అమానత్‌ను పరాయివారి చేతికి ఇవ్వరాదన్నది నియమం గాని, ఇల్లు అంటుకున్నప్పుడు పక్కింటివారికి అప్పగించవచ్చని హనఫీ ఫిఖ్హ్ గ్రంథం ‘హిదాయా’లో స్పష్టంగా ఉంది. ఇంత చిన్న వివరం కూడా ఆలోచించి రాసినవారు ఎన్ని కాలిన ఇళ్ళు చూసి ఉంటారో! దర్జీ, చాకలి వంటి అందరి పనీ చేసే పనివారి విషయంలో ఇమామ్ అబూ హనీఫా ఒకటంటే, ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ మరొకటి అన్నారు. ఆయన మతంలో పనివాడి చేష్ట లేకుండా పోయినదానికి బాధ్యత లేదు. వీరి మతంలో బాధ్యత ఉంది, అయితే అదుపు తప్పిన అగ్నిప్రమాదం వంటి తప్పించుకోలేనిది మినహా. అంటే ఇటువంటి మంటలో ఇద్దరి మాటా ఒకటే అవుతుంది. దర్జీ ఇస్త్రీపెట్టె కట్టకుండా పోయి నిప్పు పుట్టిందని తేలితే సంగతి వేరు, అప్పుడు స్థానిక ముఫ్తీని అడగాలి. వాడుకోవడానికి తీసుకున్న ఖర్జ్ మాత్రం ఇల్లు కాలినా నిలిచే ఉంటుంది. ఖర్జ్ ఇచ్చినవాడికి గడువు ఇవ్వడం విధి, మాఫీ చేయడం ఇంకా మేలు అని అల్‌బఖరా 280వ ఆయతు బోధ. ఆ నలభై ఇళ్ళలో ఎక్కువమంది, ఈ మస్అలా విన్నాక, గుడ్డల మాట ఎత్తలేదు. కొందరు కుట్టుకూలి కూడా ముందే ఇచ్చారు, వచ్చే పండుగకు కుట్టమని.

పండ్లు కొని ఆపద వల్ల నష్టపోయి అప్పుల పాలైన ఒక వ్యక్తి సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. దైవప్రవక్త (స) ప్రజలకు చెప్పిన మొదటి మాట, అతనికి సదఖా ఇవ్వండి అని. వచ్చినది అప్పుకు చాలలేదు. దొరికినది తీసుకోండి, ఇక మీకు అంతే అని అప్పులవారికి చెప్పారు. అదే గ్రంథంలో హజ్రత్ ఖబీసా (రజి) హదీసు ప్రకారం, ఆపదలో ఆస్తి సమూలంగా పోయినవాడు తిరిగి నిలదొక్కుకునేంత వరకు అడగడం ధర్మసమ్మతమే. ఆత్మాభిమానం గల మనిషి చేయి చాపడానికి చస్తాడు. కాబట్టి అడగకముందే ఇవ్వాలి.

నిన్నటిదాకా జకాత్ ఇచ్చినవాడికి ఇవాళ జకాత్ ఇవ్వవచ్చా అని చాలామంది తటపటాయిస్తారు. జకాత్ హక్కుదారుల్లో రుణగ్రస్తులు ఒక వర్గం. ఆ పదాన్ని వివరిస్తూ తాబయీ ఇమామ్ ముజాహిద్, ఇల్లు కాలినవాడిని, వరదకు సామాను పోయి ఆలుబిడ్డల కోసం అప్పు చేసినవాడిని ఉదాహరణగా చెప్పారు. అవసరాలకు, అప్పులకు మించి నిసాబ్ చేతిలో లేకపోతే అతను హక్కుదారుడే. ఇచ్చేటప్పుడు ఇది జకాత్ అని చెప్పనక్కరలేదు. మనసులో నియ్యత్ ఉంటే చాలు, ఈదీ అనో తోఫా అనో ఇవ్వవచ్చు. అయితే అతని చేతికి ఇచ్చి యజమానిని చేయాలి. జకాత్ డబ్బుతో మనమే మేస్త్రీని పెట్టి గోడలు కట్టించడం హనఫీ పండితుల దృష్టిలో సరిపోదు. సయ్యద్ కుటుంబమైతే జకాత్ కాకుండా మామూలు సొమ్ములోంచి ఇవ్వాలి.

దుఆ చేసి వచ్చేవారికన్నా కాగితాల పని చూసిపెట్టేవారు తక్కువ. అగ్నిమాపక కేంద్రం నివేదిక, పోలీసు ఫిర్యాదు నకలు, తహసీల్దారు కార్యాలయపు పంచనామా, ఈ మూడూ ఉంటే మిగతా పనులు సులువవుతాయి. కాలిన పదో తరగతి సర్టిఫికెట్టుకు చదివిన బడి ద్వారా దరఖాస్తు చేయాలి. సిలిండరు ప్రమాదమైతే గ్యాస్ డీలరుకు వెంటనే రాతపూర్వకంగా తెలపాలి, నమోదైన కనెక్షన్లకు చమురు కంపెనీలే చేయించిన బీమా ఉంటుంది. బాగా మాడిపోయిన నోట్లను మామూలు బ్యాంకు శాఖలు తీసుకోవు. వాటిని కదిలించకుండా డబ్బాలో పెట్టి రిజర్వు బ్యాంకు ఇష్యూ కార్యాలయానికి తీసుకువెళ్ళాలి, హైదరాబాదులో అది ఉంది. నలుగురు బిడ్డలతో దిక్కు తోచక కూర్చున్న మనిషికి ఇవన్నీ తిరగడం చేతకాదు. చదువుకున్న యువకుడు ఒకడు మోటారు సైకిలు మీద రెండు రోజులు వెంట తిరిగితే ఎంతో ఊరట.

మొదటి మూడు రోజులు బిర్యానీ దేగ్‌లు వస్తాయి, తినేవారు చాలక మిగిలిపోతాయి. మూడో నెలలో ఆ వీధి వైపు ఎవరూ రారు. మే నెలలో కాలిన ఇంటికి జూన్‌లో వానలు మొదలవుతాయి, కప్పు మీద టార్పాలిన్ ఒక్క గాలికి లేచిపోతుంది. బడులు తెరిచేదీ అప్పుడే. పుస్తకాలు, యూనిఫారం, ఆటో కిరాయి అన్నీ ఒక్కసారి కావాలి. మహల్లా కమిటీవారు మొదటి రోజు వసూలు చేసిన సొమ్మంతా ఆ వారంలోనే ఖర్చు పెట్టకుండా, ఇంటాయనతో మాట్లాడి కొంత ఆ నెలకని విడిగా ఉంచితే బాగుంటుంది.